పసుపు కాని పసుపు

పోయిన వారం గంగమణిని రెంజల్ పొలిమేరలో, మూతపడ్డ బెల్లం పాక ముందు వదిలి వచ్చాం. చంకలో ఏడాది నిండని పిల్ల, చేతిలో రాతి కల్వం, పాక లోపలి చీకట్లో కాలికి గాయమైన మనిషి.

ఆ ముగ్గురూ ఎవరో మళ్లీ ఒక్కసారి చెప్పుకుందాం. గంగమణి చిందు మేళంలో ఎల్లమ్మ వేషం కడుతుంది. మద్దెల వాయించే మొగుడు లింబయ్య, పిల్ల పుట్టిన నెలకే జ్వరంతో పోయాడు. అత్త హన్మవ్వే ఇప్పుడు మేళానికి పెద్ద. పాకలో దాక్కున్న, ముక్కు వంకరపోయినవాడి పేరు సిద్దిరాములు. పోలీసులు ఫరారీ అని రాసుకున్నారు. ఈ రాష్ట్రం బియ్యం ఏటి అవతలి రాష్ట్రానికి పోవద్దని సర్కారు మంజీర ఒడ్డున తనిఖీ నాకాలు పెట్టినప్పటి నుంచి, రేవులు తెలిసినవాడు కాబట్టి, బస్తాలు అవతలికి దాటించి బతికాడు. కార్తీకంలో సాలూర నాకా మీద ఒక జవాను చచ్చిపోయాడు. చంపింది సిద్దిరాములే అన్నారు. ఆ రాత్రి నేను ఏటి దిక్కుకే పోలేదని అతను గంగమణి బిడ్డ రేణుక తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. గంగమణి నమ్మింది.

నమ్మడానికి కారణం ఏముంది అంటే, చెప్పుకోడానికి చిన్నదే. సాలూరలో ఆట అయ్యాక ఎల్లమ్మ వేషంలో ఉన్న ఆమె కాళ్లకు ఊరంతా మొక్కింది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డ ఆమెను "చలి పెడ్తలేదా నీకు" అని అడిగినవాడు అతనొక్కడే.

నిన్న అతను "ఎల్లుండి ఏరు దాటుదాం" అన్నాడు. "మరి పిల్ల?" అని గంగమణి అడిగింది. అతను తల దించుకున్నాడు.

ఆ జవాబు లేని మాటనే రాత్రంతా నెమరేసుకుంటూ, ఇవాళ మధ్యాహ్నం ఆమె మళ్లీ పాకకు వచ్చింది.

వేషగాళ్లు మొహానికి పూసుకునే పచ్చటి రాయిని అర్దళం అంటారు. నూరితే పసుపు పొడిలాగే రాలుతుంది. నోట్లోకి పోతే విషం. దాన్ని నూరడానికి మేళంలో ఒక కట్టుబాటు ఉంది. నూరే మనిషి దూరంగా ఒక్కతే కూర్చోవాలి. మూతికి గుడ్డ కట్టుకోవాలి. ఎవరి నీడా కల్వం మీద పడకూడదు. కల్వం కడిగేదాకా నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడకూడదు. ఈ కట్టుబాటే గంగమణికి దారి చూపింది. మేళం రెంజల్‌లో దిగిన నాలుగు రోజుల నుంచి రోజూ కల్వం పట్టుకొని పాకకు వస్తోంది. హన్మవ్వ ఎందుకని అడగలేదు. ఆ కట్టుబాటు నేర్పింది ఆమే కదా.

ఆ యేడు చెరుకంతా ఫ్యాక్టరీకే తోలాలని, ఎవరూ బెల్లం వండొద్దని హుకుం వచ్చింది. అందుకే పాక ఖాళీగా ఉంది. పెద్ద పెనం బోర్లించి ఉంది. దాని వెనక పొయ్యి గుంతలో సిద్దిరాములు, గుమ్మం దగ్గర వెలుతుర్లో వీపు తిప్పుకొని గంగమణి. ఆమె మాట్లాడకూడని ఆ గంటసేపూ అతను మాట్లాడేవాడు. ఎదురు మాట రాదన్న ధైర్యమో ఏమో, ఆ గంటలోనే అతనికి మాటలు వచ్చేవి.

"ఏరు దాటినంక బిలోలిల మా దోస్తు ఉన్నడు. జిన్నింగు మిల్లుల పని ఇప్పిస్తనన్నడు. నువ్వు ఏషం కట్టుడు ఇడిసిపెట్టకు. ఆడ గుడ జాతరలున్నయ్. ఆల్లకు మన పాట తెల్వకుంటె ఏమాయె, ఎల్లవ్వ ఎవలకు తెల్వదు."

గంగమణి నూరుతూ వింది. మధ్యమధ్య పిల్ల దగ్గుతోంది. మూడు రోజుల నుంచి అదే దగ్గు. గొంతులో పిల్లి గీరినట్టు గరగరమని, ముఖం ఎర్రబడేదాకా దగ్గి, ఏడ్చి, అలిసి నిద్రపోతుంది. నిద్రలో ఊపిరి తీసేటప్పుడు డొక్క లోపలికి పోతుంటే గంగమణి నూరడం ఆపి చూసేది.

పొడి అయ్యింది. కొబ్బరి చిప్పలోకి ఎత్తి మోదుగాకు మూసింది. ఎక్కడ పెట్టాలి? పిల్ల ఇప్పుడిప్పుడే పట్టుకొని నిలబడుతోంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. అందనంత ఎత్తులో గోడకు ఒకటే గూడు ఉంది. ఆ గూట్లో పెట్టింది. ఆ గూట్లో ఇంకో చిప్ప ముందే ఉంది. రెండు రోజుల కిందట సిద్దిరాములు కాలి పుండుకని ఆమే పసుపు తెచ్చి, అదే తీరు చిప్పలో, అదే తీరు ఆకు మూసి పెట్టింది.

అంతలో గట్టు మీది నుంచి హన్మవ్వ కేక వినపడింది.

"గంగమణీ. నూరుడైందా లేదా. పటేలు తాంబూలం పట్టుకొని కూసున్నడు. ఏషం కట్టేదానివి నువ్వే అందుకోవాలె, నేనందుకుంటె అయితదా."

ఆలస్యం చేస్తే అత్త పాక దాకా వస్తుంది. పిల్ల అప్పుడే కన్ను మూసింది, ఎత్తుకుంటే మళ్లీ దగ్గు ఎత్తుకుంటుంది. కల్వం ఇంకా కడగలేదు, మాట్లాడకూడదు. గంగమణి పిల్లను చూపించింది, సిద్దిరాములును చూపించింది, రెండు చేతులూ జోడించింది.

"పో, నేను సూస్త," అన్నాడు అతను.

పిల్లను ఒక్క గడియైనా అతనికి వదలడం అదే మొదటిసారి.

పటేలు తొందరగా వదల్లేదు. పందిరి ఎక్కడ వెయ్యాలో, దీపాలకు నూనె ఎవరు తేవాలో, పోయినేడు ఆటలో ఎవరు తాగి అల్లరి చేశారో అన్నీ చెప్పుకొచ్చాడు. గంగమణి తలూపుతూనే ఉంది. చెవులు మాత్రం పాక దగ్గరే ఉన్నాయి. దగ్గు వినపడుతుందేమో అని. వినపడలేదు. నిద్రపోతోందిలే అని సమాధానపడింది. తర్వాత, ఇంతసేపు దగ్గకుండా ఎట్లా ఉందని భయపడింది.

తిరిగి వచ్చేసరికి పిల్ల లేచే ఉంది. సిద్దిరాములు ఒళ్లో కూర్చొని అతని చొక్కా గుండీ లాగుతోంది. పక్కన జర్మన్ సిల్వర్ గ్లాసు. అతను నవ్వాడు, ఏదో ఘనకార్యం చేసిన వాడిలాగా.

"జూసినవా, దగ్గు ఎట్ల ఆగిందో. గా చేన్ల మేకలు మేస్తుంటె పాలు పిండుకచ్చిన. ఎవ్వలు జూడలే. రెండు పుల్లలు ముట్టిచ్చి ఎచ్చ జేసిన."

గుమ్మంలో నిలబడ్డ గంగమణికి గ్లాసు అడుగు కనిపించింది. పచ్చగా ఉంది.

"అండ్ల ఏం కలిపినవ్?"

"పసుపు. మా అవ్వ గట్లనే తాపుతుండె."

"ఏ చిప్పల పసుపు?"

"గూట్లెది. నువ్వు దెచ్చిందే కద."

"గూట్ల రెండున్నయ్. ఏ చిప్ప?"

అతని నవ్వు సగంలో ఆగింది. గంగమణి గ్లాసు లాక్కొని వాసన చూసింది. పసుపు వాసన కాదు. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు. పిల్లను గుంజుకొని వెలుతుర్లోకి తెచ్చింది. పెదాల చుట్టూ పచ్చటి గీత. నాలుక మీద పచ్చదనం. పిల్ల తల్లిని చూసి పళ్లు బయటపెట్టి నవ్వింది, నాలుగే పళ్లు.

"ఎన్ని తాగింది?"

"సగం... సగం కింద పోసుకున్నది. ఏమైంది గంగా?"

గంగమణి పిల్లను మోకాలి మీద బోర్లా వేసి గొంతులోకి వేలు పెట్టింది. పిల్ల గింజుకుంది, కక్కింది. పచ్చగా. మళ్లీ పెట్టింది. మళ్లీ కక్కింది. మూడోసారికి ఉత్త నీళ్లే వచ్చాయి. ఎంత పోయిందో, ఎంత లోపల ఉందో ఎట్లా తెలుస్తుంది? హన్మవ్వ వందసార్లు చెప్పిన మాట ఇప్పుడు చెవిలో మోగింది. ఆమె చిన్నప్పుడు మేళంలో ఒక పిల్ల అర్దళం నాకిందట. పొద్దు మూకేదాకా మంచిగనే ఆడుకుందట. అందుకే ఎవరూ కంగారు పడలేదట.

"అర్దళం అది," అంది గంగమణి. "మొకానికి పూసుకునేది. ఇసం."

సిద్దిరాములు నిలబడబోయి గోడ పట్టుకున్నాడు.

"నాకు తెల్వదు."

"నీకు తెల్వదా? పసుపు చేన్ల పుట్టినోనివి. ఆర్మూరు దిక్కు మీ అవ్వ పసుపు ఉడకబెడితె ఆ ఆవిర్లనే పెరిగిన అన్నవు. మొన్ననే అంటివి. ముక్కు కాడికి దెస్తె సాలు, నా బిడ్డసొంటి పోరి గుడ ఇది పసుపు కాదంటది. నీకు వాసన తెల్వదా?"

అతను నిన్న తల దించుకున్నట్టే దించుకున్నాడు. అది చూశాక గంగమణి బిడ్డను రొమ్ముకు అదుముకొని ఒక అడుగు వెనక్కి వేసింది. ఈ మనిషిని ఎన్ని రోజుల నుంచి ఎరుగుదును? రెండు నెలలు. ఎన్నిసార్లు పగటి వెలుగులో చూశాను? నాలుగుసార్లు.

"నిన్న పిల్లెట్ల అంటె నోరు మెదపలే. ఇయ్యాల గిది తాపినవ్. ఏరు దాటెతందుకు అడ్డమున్నదనేనా?"

"గంగా."

"నన్ను పేరు వెట్టి పిలువకు. ఔనో కాదో చెప్పు."

అతను తల ఎత్తాడు. ఏదో గుంటలోకి దూకే ముందు నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"నాకు వాసన రాదు," అన్నాడు.

"ఏందీ?"

"ఏ వాసనా రాదు. పసుపు రాదు, పొగ రాదు, నువ్వు తలకు రాసుకునే నూనె రాదు. ముక్కు పగిలినకాడి సంది రాదు."

"బండి నొగ తాకిందంటివి. ఎన్నడో దసరకు ముందట అంటివి."

"నొగ కాదు."

"మరేంది?"

"తుపాకి మడమ." అతను గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారాడు. "సాలూర నాకా మీద. కార్తీకంల."

గంగమణికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఇతను బిడ్డకు కావాలని విషం పొయ్యలేదు. నిజమే. కానీ అది నిజం కావాలంటే, ఆ రాత్రి ఇతను అక్కడే ఉన్నాడు. ఏటి దిక్కుకే పోలేదని వేసిన ఒట్టు అబద్ధం. ఆ ఒట్టు వేసింది ఎక్కడ? ఈ తల మీద. ఇప్పుడు తన చెయ్యి ఉన్న ఈ మెత్తటి మాడు మీద.

"దీని తల మీద చెయ్యి వెట్టినవు కద," అంది.

"వెట్టిన."

"వెట్టి అబద్ధమాడినవు."

"ఆడిన." అతను రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నిజం చెప్తె నువ్వు నన్ను లోపటికి రానిస్తుంటివా? నేను ఆయన్ని కొట్టలే గంగా. ఆయననే నన్ను కొట్టిండు. నేను ఇసుకల పడ్డ. కండ్లు తెరిసెవరకు ఆయన నీళ్లల్ల బోర్ల పడి ఉన్నడు. ఎవలు నూకిండ్రో నేను సూడలే."

నమ్మాలా వద్దా? తీరిగ్గా కూర్చొని తూచుకునే పొద్దు కాదు. దొంగ ఒట్టు పిల్లకు కొడుతుందని హన్మవ్వే కాదు, ఏ తల్లిని అడిగినా చెబుతుంది. కొట్టనే కొట్టింది. ఇంత తొందరగా కొడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

రేణుక ఆడడం మానేసింది. తల్లి భుజం మీద తల వాల్చింది. కడుపు పట్టుకొని సన్నగా మూలిగింది.

గంగమణి ఇంక ఆగలేదు. గట్టు దిగి రోడ్డు మీదికి పరుగెత్తింది. వెనక కుంటుతూ అడుగుల చప్పుడు వస్తూనే ఉంది.

"రాకు," అంది తిరిగి చూడకుండా. "పట్టుకుంటరు నిన్ను."

"పట్టుకోని."

దవాఖాన ఉన్న బోధన్ నాలుగు కోసుల దూరం. రోడ్డు నిండా చెరుకు బండ్లు, ఒకదాని వెనక ఒకటి, ఎద్దులు నిలబడే కునుకుతున్నాయి. వాటిని దాటుకుంటూ చెరుకు లారీ ఒకటి వచ్చింది. గంగమణి దానికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు తిట్టడానికి తల బయటికి పెట్టి, పిల్ల పెదాలు చూసి ఏమీ అనకుండా తలుపు తీశాడు. సిద్దిరాములు తలకు, మూతికి తువ్వాల చుట్టుకొని పక్కన ఎక్కాడు. పుష్యమాసం చలి, అందరూ అట్లాగే చుట్టుకుంటారు కాబట్టి డ్రైవరు పట్టించుకోలేదు.

దారిలో రేణుక రెండుసార్లు కక్కింది. మూడోసారి వచ్చింది నీళ్లు కూడా కాదు. లారీ కుదుపుకు గంగమణి చేతుల్లోంచి పిల్ల జారిపోతుంటే సిద్దిరాములు అందుకున్నాడు. ఆమె ఇవ్వొద్దనుకుంది, ఇచ్చింది. అతని ఛాతీ మీద పడుకోబెట్టగానే పిల్ల మూలుగు తగ్గింది. అందుకు గంగమణికి ఎందుకో కోపం వచ్చింది.

"నిన్న ఎందుకు మాట్లాడలే?" అని అడిగింది, ముందు రోడ్డునే చూస్తూ.

"కాలు గిట్లున్నది. ఇద్దర్ని ఒక్కసారి మొయ్యలేను. మొదలు పిల్లను దాటియ్యాల్నా, నిన్ను దాటియ్యాల్నా అని లెక్క తేలలే. పిల్లనైతె అవుతల ఒక్కదాన్నే ఎట్ల ఇడుస్త. నిన్నైతె పిల్ల నాతోని ఇవుతల ఉంటదా."

గంగమణి తల అటు తిప్పుకుంది. ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడింది. చెరుకు రసం కాగుతున్న తియ్యటి వాసన లారీలోకి కమ్ముకొచ్చింది. ఈ వాసన కూడా ఇతనికి రాదన్నమాట, అనుకుంది.

దవాఖానలో డాక్టరు రాజేశ్వర్ కుర్రవాడు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పిల్ల నోట్లోంచి రబ్బరు గొట్టం దించి కడుపు కడిగాడు. గంగమణి కళ్లు మూసుకొని చెవులు తెరుచుకొని నిలబడింది. కళ్లు తెరిస్తే చూడలేదు, చెవులు మూస్తే ఏడుపు ఆగిపోయినా తెలియదు. గొట్టం తీశాక పిల్ల ఎవరి దగ్గరా ఉండలేదు. నర్సు ఎత్తుకుంటే ఏడ్చి కక్కింది. గొంతులో వేలు పెట్టిన గంగమణి ఎత్తుకుంటే ఇంకా ఏడ్చింది. సిద్దిరాములు భుజం మీద మాత్రం అణిగింది.

"ఆయన దగ్గరే ఉంచండి," అన్నాడు డాక్టరు. "కదిలించొద్దు. చాలావరకు బయటికి వచ్చేసింది. మిగిలింది ఏం చేస్తుందో రేపు పొద్దున దాకా నేను చెప్పలేను."

రేపు పొద్దున. గంగమణి కిటికీలోంచి బయటికి చూసింది. ఇంకా ఇవాళే గడవలేదు.

వరండాలో పోలీసు జమేదారు బాపురావు బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. చెరుకు బండ్ల వాళ్లు వరస కోసం కొట్టుకొని తలలు పగలగొట్టుకుంటే ఆ కేసు రాసుకోవడానికి వచ్చాడు. డాక్టరు బయటికి రాగానే లేచి సలాం చేశాడు.

"సాబ్, ఇంకొక మాట. ముక్కు పగిలినోడు ఎవడన్న దవ కోసం వచ్చిండా మీ తాన? ఇయ్యాల పొద్దుగాల నిజామాబాద్ నుంచి ఖబరొచ్చింది. సాలూర నాకా మీద ఇద్దరు జవాన్లుండె గద. బతికినోడు ఇన్ని దినాలు నోరిప్పలే. గట్టిగ అడిగితె ఇప్పుడు చెప్తున్నడు, గా ఫరారీ ముక్కు మీద మడమతోని కొట్టినమని."

"రాలేదు," అన్నాడు డాక్టరు. "వచ్చింది విషం కేసు. చిన్నపిల్ల. మీరు రాసుకోవాలి."

తలుపు ఇవతల గంగమణికి అంతా వినపడింది. బాపురావు లోపలికి వచ్చాడు. పెన్సిలు నాలికకు తడి చేసుకున్నాడు. పిల్ల పేరు, ఊరు అడిగాడు. తండ్రి పేరు అడిగాడు.

"లింబయ్య," అంది గంగమణి. ఆ ఒక్క జవాబుకు ఆలోచించాల్సిన పని లేదు.

"ఎవలు తాపిండ్రు?"

"నేనే. పసుపనుకున్న."

బాపురావు పెన్సిలు ఆపి ఆమెను కిందికీ మీదికీ చూశాడు.

"చిందుదానివి. పుట్టినకాడి సంది అర్దళం మొకానికి రాసుకున్నదానివి. నీకు అర్దళమేదో, పసుపేదో తెల్వదా? వాసన రాదా?"

మధ్యాహ్నం తాను అడిగిన మాటే. అడిగినప్పుడు ఎంత గట్టిగా అనిపించిందో, ఇప్పుడు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు అంత గట్టిగానూ ఉంది.

"గిసొంటి తల్లులను మస్తు జూసిన," అన్నాడు బాపురావు, డాక్టరుకు వినబడేటట్టు. "ఎవన్నో తగులుకుంటరు. ఆనితోని పోదామంటె పిల్ల కాళ్లకు అడ్డం పడతది. నడు ఠాణాకు. పిల్లను దవాఖానల ఉండని."

గంగమణి పిల్ల దిక్కు చూసింది. రేపు పొద్దున దాకా చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ పొద్దు దాకా తాను పిల్ల పక్కన ఉండదు. ఏం జరిగినా ఠాణాలో కూర్చొని ఎవరో చెబితే వినాలి.

"ఆమెను అనకున్రి."

గోడ పక్క నుంచి సిద్దిరాములు అన్నాడు. పిల్లను ఊపడం ఆపలేదు.

"ఆమె ఇంట్లనే లేదు. నేను తాపిన."

"నువ్వెవడివి?"

గంగమణి అతని వంక చూసింది. చెప్పొద్దు అని కళ్లతో అంది. ఏది చెప్పొద్దనో ఆమెకే తెలియదు.

"పిల్ల తండ్రిని," అన్నాడు.

బాపురావు కాగితం చూసుకున్నాడు. "లింబయ్య అంటె నువ్వేనా?"

"ఔ."

మన్ను కప్పిన పేరు ఇంకో నోట్లోంచి బతికి వచ్చింది. లింబయ్య మంచివాడు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఎవరికీ అడ్డం రాని మనిషి. చచ్చిపోయాక ఇట్లా అక్కరకు వస్తాడని అనుకోలేదు.

"నువ్వు గుడ చిందోనివే కద. నీకు తెల్వదా అర్దళం?"

"నేను ఏషం కట్ట. మద్దెల కొడ్త."

"ముక్కు లేదా మరి వాసన జూడ?"

సిద్దిరాములు భుజం మీద పిల్ల ఊపిరి తీసింది. గరగరమంటున్న ఊపిరి.

"పడిశం పట్టింది దొరా," అన్నాడు సిద్దిరాములు, తువ్వాల వెనక నుంచి. "నాకూ, పిల్లకూ."

బాపురావు ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఏదో తడుతోంది, దొరకడం లేదు, అన్నట్టున్నాడు. పెన్సిలు చెవికి పెట్టుకొని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత కాగితం మీద ఏదో రాసి దుమ్ము ఊదాడు. గంగమణి ఊపిరి వదిలింది.

సరిగ్గా అప్పుడే వరండాలో గొడవ అయింది. ఎవరో అడ్డుకుంటున్నారు, ఎవరో తోసుకొని వస్తున్నారు. "నా మనుమరాలురా, నా కొడుకు బిడ్డరా, జరుగు," అంటున్న గొంతు గంగమణి వెయ్యి గొంతుల్లో గుర్తుపడుతుంది. రోడ్డు మీద లారీ ఎక్కడం ఎవరో చూసి చెప్పి ఉంటారు. హన్మవ్వ లోపలికి వచ్చింది. కొంగు జారిపోయింది, పాదాలకు దారి దుమ్ము. మొదట పిల్లను చూసింది. తర్వాత పిల్లను ఎత్తుకున్న మనిషిని చూసింది. చూసి, ఆగిపోయింది.

"పెద్దమ్మా, నువ్వు పిల్లకు ఏమైతవ్?" అన్నాడు బాపురావు.

"నాయినమ్మను."

"అచ్చిందే మంచిగైంది. మద్దెల కొట్టే లింబయ్య తల్లివి నువ్వేనన్నమాట." అతను పెన్సిలుతో సిద్దిరాములు వైపు చూపించాడు. "గీయన నీ కొడుకేనా?"

హన్మవ్వ చూపు ఆ మనిషి మీదే ఉంది. గంగమణి ఆమె ముఖంలోకి చూసింది. ఒక్క మాట చాలు. కాదంటే ఉరి. ఔనంటే, కడుపున పుట్టినవాణ్ని తన చేతులతో మన్నులో పెట్టిన తల్లి, వాడి పేరును ఇంకొకరికి దానం చెయ్యాలి. ఏ తల్లి చేస్తుంది? నేనైతే చేస్తానా, అనుకుంది గంగమణి. చెయ్యను, అనుకుంది.

"పిల్ల బతుకుతదా?" అని హన్మవ్వ డాక్టరును అడిగింది.

"ఈ రాత్రి గడవాలమ్మా. ఈయన దగ్గరైతేనే ఊరుకుంటోంది. ఈయన్ని కదల్చకుంటే మంచిది."

హన్మవ్వ తల ఊపింది. మెల్లగా నడిచి సిద్దిరాములు ముందు నిలబడింది. అతని కన్నా జానెడు పొట్టిది, తలెత్తి చూడాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎందరి ముఖాలకో రంగులు పూసిన చేతులు ఆమెవి. ఏ గీత ఎక్కడ ఉంటుందో చీకట్లో కూడా చెప్పగలదు.

"పెద్దమ్మా, నిన్నే," అన్నాడు బాపురావు. "నీ కొడుకా, కాదా?"

"మూతికి తువ్వాల జుట్టుకుంటె నాకేం తెలుస్తది దొరా," అంది హన్మవ్వ. గొంతులో కోపం లేదు, జాలి లేదు. "తియ్యమను. మొకం జూసి చెప్త."

బాపురావు దగ్గరికి వచ్చాడు. సిద్దిరాములు గంగమణి వంక చూశాడు. పిల్లను ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి మెల్లగా తువ్వాల ముడి మీదికి తీసుకుపోయాడు.

ముడి ఊడింది. తువ్వాల మాత్రం జారలేదు. దాని కొసను రేణుక నిద్రలోనే పిడికిలి బిగించి పట్టుకొని ఉంది. దాన్ని విడిపించడానికి హన్మవ్వ చెయ్యి చాపింది.